గట్టెక్కేదాకా ఈల

మా ఏరు మూడు కోసుల వెడల్పు. వయసులో ఉన్నప్పుడు ఇవతల మునిగి అవతల తేలేవాణ్ణి. అదీ, నోట్లో చుట్ట ఆరకుండా!

నమ్మకపోతే మీ ఖర్మ. కథ మాత్రం వినండి.

ఏటికి ఇవతల మన దేశం, అవతల ఇంకోటి. మధ్యలో ఇసుక తిన్నె. ఆ తిన్నె మీద మన ఆడవాళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఆరేసేవాళ్ళు.

వాళ్ళలో ఒకావిడ చిన్నమ్మి. జుట్టు నెరిసినా ఆమె చిన్నమ్మే. పెద్దమ్మి ఒకతె ఉండేది గనక.

ఆ పెద్దమ్మి ఎవరినో మెచ్చి, ఇంట్లో చెప్పకుండా ఏరు దాటిపోయింది. ఆ పెళ్ళికొడుకు మొహం ఇటువైపు ఎవరూ చూడలేదు. అంతలోనే సరిహద్దు మూసేశారు. ఒడ్డు నుంచి ఒడ్డుకి కేకేసినా కేసే.

దుప్పటి జాడించిన ప్రతిసారీ చిన్నమ్మి చూపు అవతలికి పోయేది.

"అక్క కనబడిందటే?" అనేది ఆమె అత్త. రేవు పెత్తనమంతా ఆవిడదే.

"కనబడితే ముందు దాన్ని నాలుగు తిట్టి, తర్వాత నీకు చెప్తాలే."

ఒకరోజు అవతలి ఒడ్డుకి సైకిల్ మీద ఒకడొచ్చాడు. ఖాకీ చొక్కా, మెడలో ఈల. కాలు కింద పెడుతూనే ఈల అందుకున్నాడు, చెవులు చిల్లులు పడేట్టు.

"వీడికేం పొయ్యేకాలం!" అత్త గొణిగింది.

వాడు ఆపలేదు. ఆడవాళ్ళు విసుక్కుంటూ మూటలు కట్టుకుని లేచారు. అందరికన్నా వెనక చిన్నమ్మి. ఆమె గట్టెక్కేదాకా ఈల మోగుతూనే ఉంది. ఎక్కగానే ఆగింది.

మూడు కోసుల అవతలి ఈల ఎలా వినబడిందయ్యా అంటారు మీరు. సరే, ఏరు అంత వెడల్పేం కాదు. అవతల మనిషి ఆనవాలు తెలుస్తుంది, మొహం తెలీదు, అంతే దూరం. నాకు ఈత కూడా రాదు. చుట్ట మాత్రం నిజం.

కాసేపటికి ఏరు పొంగింది.

"ముందే లేచొచ్చాం. నా అదృష్టం అలాంటిది మరి!" అంది అత్త.

అలా ఎన్నోసార్లు. వాడు రావడం, ఈల వేయడం, వీళ్ళు తిట్టుకుంటూ లేవడం, వెనకాలే ఏరు పొంగడం. ప్రతిసారీ అత్త తన అదృష్టాన్నే మెచ్చుకునేది. వాడికి 'ఈల దొర' అని పేరు కూడా పెట్టింది.

"వాడి చూపంతా నీ మీదేనే చిన్నమ్మీ! నువ్వు గట్టెక్కితేగానీ ఈల ఆపడు."

"ఈ నెరిసిన జుట్టు చూసేనా?"

"అంత దూరానికి జుట్టేం కనబడుతుంది? నడక చూసుంటాడు."

అందరూ విరగబడి నవ్వారు. చిన్నమ్మి నవ్వలేదు.

ఒకసారి, ఎవరూ చూడనప్పుడు, 'మా అక్కని ఎరుగుదువా?' అని వాణ్ణే అడుగుదామని నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. గట్టు మీద కాపలా ఉన్న మన సరిహద్దు జవాను దగ్గాడు. అడక్కుండానే చేతులు దించేసింది.

రేవులో నవ్వులు ఊళ్ళోకి పాకాయి. చివరికి తనే వెళ్ళి ఆ జవానుకు చెప్పుకుంది.

"బాబూ, అవతలివాడు నన్ను చూసి ఈల వేస్తున్నాడు. తలెత్తుకు తిరగలేకపోతున్నా."

"నువ్వెళ్ళమ్మా. వాళ్ళవాళ్ళతో మాట్లాడిస్తాం."

మాట్లాడించారు. ఈల ఆగిపోయింది.

తర్వాత కొద్ది రోజులకే మిట్టమధ్యాహ్నం నీళ్ళొచ్చాయి. చిన్నమ్మి గట్టు మీది చెట్టు వేరు దొరకబుచ్చుకుంది. అత్తకి ఏదీ దొరకలేదు.

మనుషులకి మూసేసిన పాత వంతెన మీద రెండు దేశాల ఆఫీసర్లు కలుసుకున్నారు. మధ్యలో తెల్ల గీత. కళ్ళారా చూసిన మనిషని చిన్నమ్మిని కూడా తీసుకెళ్ళారు.

గీతకి అవతల, ఏటికి ఎగువన ఉన్న వాళ్ళ ఆనకట్ట ఇంజనీరు.

"గేట్లెత్తే ముందు మా ఊళ్ళవైపు తిప్పిన సైరన్ కొడతాం. మీ ఒడ్డు మా దేశం కాదు. అక్కడివాళ్ళకి చెప్పే బాధ్యత మాకు లేదు."

"నీళ్ళు వదిలింది మీరే కదయ్యా?" అంది చిన్నమ్మి. "ఈ గీత దగ్గర ఆగాయా అవి?"



ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా గేట్ల మనిషి ఒకడుండేవాడు. మాకు తెలీకుండా సైకిలేసుకొచ్చి, ఈలతో మిమ్మల్ని లేపి, వెనక్కెళ్ళి అప్పుడు గేటెత్తేవాడట. మీ ఫిర్యాదు వచ్చాకే బయటపడింది. డ్యూటీ వదిలి తిరిగాడని తీసేశాం."

చిన్నమ్మి గీత అంచుకొచ్చింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"క్వార్టర్ ఖాళీ చేసి, భార్యని తీసుకుని వెళ్ళిపోయాడు. ఎటో తెలీదు."

"ఎందుకలా చేశావని అడగలేదా?"

"అడిగాం. 'మా ఆవిడ చెల్లెలు ఆ ఇసుకలో బట్టలుతుకుతుంది సార్. ఆ పిల్ల గట్టెక్కకుండా గేటెత్తి, ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోను?' అన్నాడు."

మళ్ళీ వానలొచ్చాయి. ఒకరోజు అవతల ఈల మోగింది. సైకిల్ పట్టుకుని నిలబడ్డది ఈసారి ఒక ఆడమనిషి. చిన్నమ్మి మూట నెత్తినెత్తుకుంది. గట్టెక్కితే ఈల ఆగిపోతుందని, ఒక్కో అడుగే వేస్తూ, ఎప్పటికో ఎక్కింది.

ఈ రెండో ఈల మాత్రం నా కల్పనే. ఆ సైరన్ ఇప్పటికీ అటే తిరిగి ఉంది. చిన్నమ్మి ఇప్పటికీ తడి దుప్పటి చేతిలో పట్టుకుని, అవతలికి చెవి పెట్టి నిలబడుతుంది.

మూడు కోసుల ఏరు కల్పించినవాణ్ణి, ఆవిడకో ఈల కల్పించలేనా?