మురుక్కాలవ పరీక్ష

“ఛీ ఛీ! పొద్దున్నే నాకేం ఖర్మ టీచరమ్మా ఇది!”

హెడ్మాస్టరు ముక్కు మూసుకునే కాలవ గట్టు మీదికి వచ్చాడు. ఒంటికి సీసాడు సెంటు పూసుకోనిదే గడప దాటడు కాబట్టి పిల్లలు చాటుగా ఆయన్ని సెంటు సారంటారు. ఆ సెంటూ ఈ కంపూ కలిసేసరికి సైన్సు టీచరు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

బడి వెనక గోడకు ఆనుకునే ఆ మురుక్కాలవ. నల్లగా, చిక్కగా, తెట్టు కట్టి బుడగలు వదులుతూ ఉంటుంది. ఏడో తరగతి కిటికీలు అటే. కడుపునొప్పనీ వాంతులనీ ఆ తరగతిలో సగం మంది ఎప్పుడూ మంచం మీదే. మన బడి చుట్టుపక్కలకి ఏం చెరుపు చేస్తోందో మీరే కనిపెట్టాలి, మీరే బాగుచేయించాలి అని టీచరు పాఠం మొదలుపెట్టిందో లేదో, పిల్లలంతా ఈ కాలవకేసి వేలు చూపించారు. మరుగుదొడ్ల కింద భూమిలో ఉన్న సెప్టిక్ తొట్టి పగిలి ఇందులోకే కారుతోందని వాళ్ళ అనుమానం.

“పిల్లకాయలు అన్నారని తొట్టి తవ్విస్తానా? ఇది వీధివాళ్ళ మురుగమ్మా. మన తొట్టి ఉక్కుముక్క!”

“అది తేల్చడానికేగా సార్, నిన్న సాయంత్రం దొడ్లన్నిట్లో ఆకుపచ్చ రంగు పోశాం. మన తొట్టి కారుతుంటే ఆ రంగు ఈపాటికి కాలవలోకి రావాలి.”

“రాకపోతే?”

“రాకపోతే మీ ఇష్టం.”

“మాట మీదుండండి మరి. రంగు కనబడితే ఇవాళే తవ్విస్తా. కనబడలేదో, ఈ పర్యావరణం గోల ఇంతటితో సరి. పిల్లలచేత దొడ్లు కెలికించారని మీ మీద పైకి రాస్తా కూడా!”

టీచరు క్లాసు లీడరు పిల్లకు సైగ చేసింది. ఆ పిల్ల జడ కొసతో ముక్కు మూసుకుని, తాడు కట్టిన బకెట్టు కాలవలోకి వదిలింది. పైకి లాగితే అంతా నల్లటి జిగురు, అందులో ఉబ్బిపోయిన ఎలుక. వెనకున్న పిల్ల ఒకతి ఓక్ మని గోడ పట్టుకుంది.

“సరిగ్గా చూడవే తల్లీ, ఎక్కడన్నా పచ్చగా ఉందేమో!”

“చూశా టీచర్. నల్లగానే ఉంది.”

ఇంకాస్త అవతల ముంచారు. అక్కడా నలుపే. టీచరు ముందుకొచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తనే బకెట్టు వంచి, ఆ మురుగు తెల్లటి పళ్ళెంలో పోసి, వేళ్ళతో కలిపి చూసింది. గోళ్ళ సందుల్లోకి మడ్డి దిగింది తప్ప రంగన్నది మచ్చుకైనా లేదు. ఆ మడ్డికన్నా హెడ్మాస్టరు మొహంలో వెలుగు చూస్తే ఎక్కువ అసహ్యం వేసింది ఆవిడకి.

“చెప్పానా లేదా? చుక్క కారలేదు!” ఆయన ఉషారుగా గోడ అవతలికి కేకేశాడు. “ఆయా! కాసిని మంచినీళ్ళు పట్రా. ఈ కంపుకి గొంతెండిపోయింది.”

ఆయా స్టీలు గ్లాసుతో పరుగున వచ్చింది. “ఇప్పుడే మోటారు వేశాను సార్. బోరు నీళ్ళు చల్లగా ఉన్నాయి.”

ఆయన గుక్క తిప్పుకోకుండా గటగటా తాగేసి, గ్లాసు ఆయా చేతిలో పెట్టాడు.

“ఇకనైనా బుద్ధిగా పుస్తకంలో ఉన్న పాఠం చెప్పుకోండమ్మా. ఏరా పిల్లలూ, ఏమంటారు?”

తలలు వేలాడేసుకున్న పిల్లలు ఆ మాటకి కళ్ళెత్తారు. ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే బిగుసుకుపోయారు. టీచరు కూడా అటు చూసి, మడ్డి చేతులతోనే నోరు మూసుకుంది.

సెంటు సారు తెల్లటి మీసాల కొసల నుంచి ఆకుపచ్చటి చుక్కలు కారుతున్నాయి.