రేవులో పెట్టె

సముద్రం పైకొచ్చి కోనసీమలో ఊరూరూ ఒక లంకైపోయాక, జనాన్ని నీళ్లు దాటించే పంటు నడిపే మనిషే లేకుండా పోయాడు. ఇప్పుడు రేవులో ఒక పెట్టె అడుగుతుంది. ఎవరి ప్రయాణం వాళ్లు నోటితో చెబితేనే గేటు తెరుచుకుంటుంది.

ఆ ఉదయం చెల్లెలు దీపికకు ఊపిరి అందడం లేదని అవతలి లంక నుంచి కబురొచ్చింది. హారికమ్మ చెల్లెలికి ఇష్టమని పనసాకు బుట్టల్లో ఉడికించిన నాలుగు పొట్టిక్కలు మూటకట్టుకుని, కోడలు ఉజ్వలను వెంటబెట్టుకుని, బయల్దేరబోతున్న పంటు కోసం పరుగున రేవుకొచ్చింది.

"ఎక్కడికి?" అంది పెట్టె.

బయల్దేరిన మనిషిని ఎవరైనా అలా అడుగుతారా? అపశకునమని హారికమ్మ వెనక్కి తగ్గింది. అరుగు మీద కూలబడి, కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ లేచింది.

"ఎక్కడికి?"

"నీ నోరు పడిపోను! దూరమా అని అడగలేవటే?"

"చెప్పెయ్యండత్తయ్యా, దానికేం తెలుసు పాపం!"

"మీ మావయ్య పడవెక్కేటప్పుడూ ఇలాగే అడిగారు. తిరిగొచ్చారా? నా భయమంతా చెల్లి గురించేనే."

మళ్లీ కూర్చుంది, మళ్లీ నీళ్లు తాగింది. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని, "మా దీపిక దగ్గరికి" అనేసింది. కళ్లు తెరిచేసరికి పంటు రేవు వదిలి పోతోంది.

తర్వాతి పంటు కోసం ఇద్దరూ అరుగు మీదే కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా అవతలి లంక నుంచి ఫోనొచ్చింది. ఉజ్వల విని, అత్తగారి చెయ్యి పట్టుకుంది.

అంతలో పంటు వచ్చి ఆగింది.

"ఎక్కడికి?" అంది పెట్టె.

"ఇంకెక్కడికీ లేదమ్మా" అంది హారికమ్మ.