చల్లారిన సంగటి

నా భార్య నాగరత్నమ్మ గండికోట చూడకుండానే చనిపోయింది. ఆ పాపం నా తమ్ముడు ఓబుళేశుది. ఇరవై ఏళ్లుగా జీపు నడుపుతూ ఊరూరి జనానికీ కోట చూపించాడు. సొంత వదినకు మాత్రం చోటివ్వలేదు.

ఆమె పోయిన ఏడాదికి నన్ను బలవంతంగా కోటకు తీసుకెళ్లాడు. మధ్యాహ్నం పెన్నా లోయ అంచున కూర్చుని క్యారియర్ విప్పాడు. నేను సంగటి ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాను.

"చల్లారిన సంగటి తింటాండావే అన్నా!"

"ఆకలైతాంటే ఏం చేసేది? నా పెండ్లాన్ని ఒక్కసారన్నా పిల్చుకొచ్చినావా ఈడికి?"

"ఏటేటా పిలిచినా. 'మీయన్న చల్లారిన సంగటి ముట్టడు. నేనొస్తే పగటికి వేడిగా ఎవరు చేసిపెడతారప్పా?' అంటాండె."

ముద్ద మొత్తం తిన్నాను. బాగానే ఉంది.

ఆ రోజు నుంచి గండికోట ఊసు ఎత్తలేదు. ఇక ఎత్తను.