ముందు గేటు దాటు

“మిషన్ షాపు ఆగిపోయింది! అందరూ బయటికొచ్చేశారు!” డెట్రాయిట్ ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే ఫౌండ్రీ తలుపు దగ్గర ఎవరో కేకేశారు.

లెమ్యూల్ గెయిథర్ చేతిలోని పార గోడకు ఆనించి మొహం తుడుచుకున్నాడు. కొలిమి చుట్టూ ఉన్నవాళ్ళంతా అతని వైపే చూశారు. ఆ వేడిలో పనిచేసేది నల్లవాళ్ళే. వాళ్ళందరినీ యూనియన్‌లో చేర్పించింది లెమ్యూలే. తెల్లవాళ్ళ యూనియన్ మనకెందుకయ్యా అని చర్చిలో పాస్టరుగారు మొత్తుకున్నా వినకుండా, ఇంటింటికీ తిరిగి, కాళ్ళావేళ్ళా పడి చేర్పించాడు.

“ఎందుకంటన్నా సమ్మె?” ఇసాయా అడిగాడు.

“ముందు గేటు దాటు. ఎందుకో తర్వాత అడుగు. ఎన్నిసార్లు చెప్పాలిరా మీకు?”

“యుద్ధం రోజులన్నా. ఉద్యోగం ఊడితే తిన్నగా సైన్యంలోకి తోలేస్తారు.”

“ఊడితే అందరిదీ ఊడుద్ది. నడవండి!”

గొణుక్కుంటూనే నడిచారు. అడక్కపోయినా కారణం లెమ్యూల్‌కి తెలుసు. పోయిన వారం మిషన్ షాపులో ఓ పోలండు కుర్రాడి వేళ్ళు తెగిపోయాయి. మిషన్లకు అడ్డురేకులు బిగించకపోతే పని ఆపేస్తామని యూనియన్ అప్పుడే హెచ్చరించింది. ఆ తెల్ల కుర్రాడి వేళ్ళ కోసం ఇప్పుడు తనవాళ్ళు కొలిమి వదిలి వస్తున్నారు. పాస్టరుగారు వచ్చి చూడాలి ఈ వైభోగం! లెమ్యూల్‌కి ఛాతీ ఉప్పొంగింది.

గేటు బయట జనం కిక్కిరిసి ఉన్నారు. మిషన్ షాపులో తెల్లవాళ్ళ నాయకుడు కుబియాక్ ఎదురొచ్చాడు. యూనియన్ పెట్టిన రోజుల్లో డెట్రాయిట్ పోలీసుల చేత పక్కపక్కన నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళు ఇద్దరూ.

“మావాళ్ళు మొత్తం వచ్చేశారు. వేళ్ళ సంగతేగా?” అన్నాడు లెమ్యూల్.

“అవన్నీ తర్వాత. నీ కూతురు బయటికి రాలేదు లెమ్యూల్. మిషను పట్టుకుని అక్కడే నిలబడింది.”

లెమ్యూల్‌కి తల కొట్టేసినట్టయింది. వెర్డెల్ మిషన్ షాపులో ఇనుము చెక్కే లేతు మిషను మీద చేరి ఇంకా వారం తిరగలేదు. గెయిథర్ల ఇంట్లో ఫౌండ్రీ పొగ మింగకుండా బతకబోయే మొదటి మనిషి. ఆ ఉద్యోగం కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అతని బూట్లు అరిగిపోయాయి. అయితే మాత్రం? ఊరందరికీ నీతులు చెప్పి, సొంత బిడ్డ సమ్మెద్రోహి అనిపించుకుంటే, రేపు ఫౌండ్రీలో తన మాట ఎవడు వింటాడు?

“ఇప్పుడే తెస్తానుండు,” అని లోపలికి పరిగెత్తాడు.

మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. ఒక్కటే తిరుగుతోంది. వెర్డెల్ తలగుడ్డ బిగించుకుని, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ పని చేస్తోంది.

“ఆపు!”

“నేను రాను నాన్నా. వాళ్ళేమన్నారో నీకు తెలీదు...”

“ఎవడేమంటే నీకేంటే? నలుగురిలో నా పరువు తీస్తావా?”

“ఒక్కసారి నా మాట విను నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

చెంప ఛెళ్ళుమంది. ఆ పిల్ల మీద అతను చెయ్యి చేసుకోవడం అదే మొదలు. తనే మిషను ఆపి, రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. దారి పొడుగునా వెర్డెల్ వెనక్కి తిరిగి మిషను వైపే చూస్తూ వచ్చింది.

ఇద్దరూ గేటు దాటగానే జనం ఈలలు వేశారు, టోపీలు గాల్లోకి ఎగరేశారు. తన బిడ్డని కూడా లెక్కచెయ్యని మనిషని ఇంతమంది మెచ్చుకుంటుంటే లెమ్యూల్‌కి కళ్ళు చెమర్చాయి. కూతురి రెక్క వదలకుండానే రెండో చేత్తో పిడికిలి పైకెత్తాడు.

కుబియాక్ అతని భుజం తట్టి, జనం వైపు తిరిగి గొంతెత్తాడు: “నల్లపిల్ల మిషను దగ్గర్నించి పోయింది, సమ్మె అయిపోయింది, పదండి లోపలికి!”