పైకి చూసే చోటు

ముసలాయన ఆ రోజు కూడా నవ్వాడు.

సరిగ్గా నవ్వకూడని చోట.

సెయింట్ లూకా చర్చి గంటగోపురం కింద నిలబడి, రాజధాని జాగ్రెబ్ నుంచి వచ్చిన ఇరవై మందికి దూన్యా పంతొమ్మిది వందల తొంభై ఒకటి నాటి యుద్ధం సంగతి చెబుతోంది. ఈ పాత ఊరు చూపించే గైడు ఆమె.

"కరెంటు పోయింది. సైరన్లు మూగబోయాయి. సముద్రం వైపు నుంచి గుండ్లు వచ్చి పడుతుంటే, ఎవరో ఒక మనిషి ఈ గోపురం ఎక్కి గంట మోగించాడు. అది విని జనం నేలమాళిగల్లోకి పరుగెత్తారు. అలా మూడు రోజులు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. మూడో రోజు గంట ఆగిపోయింది. తాడు చేత్తో పట్టుకునే ప్రాణం విడిచాడు."

ఇరవై తలలూ పైకి లేచాయి. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

ముసలాయన పైకి చూడలేదు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, పైకి చూస్తున్నవాళ్ళ మొహాలు చూస్తూ నవ్వుతున్నాడు.

చివరి మాట దూన్యా సొంతం. గంట మోగించినవాడు ఏమయ్యాడో ఊళ్ళో ఎవరూ ఎరగరు. చనిపోయాడంటే వినేవాళ్ళు కాసేపు కదలకుండా నిలబడతారు. అందుకని కిందటి వేసవిలో చేర్చింది.

"టికెట్ ఉందా తాతా?" అడిగింది.

"నూట పన్నెండు మెట్లు," అన్నాడాయన గట్టిగా.

"నేనడిగింది టికెట్."

"పైన మూడు మెట్లు కదులుతాయి. చూసుకుని ఎక్కాలి."

"వెటకారమా?"

"అవునవును," అని తల ఊపాడు.

"గైడు మారినట్టున్నాడే," అన్నారెవరో. అందరూ నవ్వారు.

మర్నాడు టూర్ల కంపెనీ యజమాని దూన్యాను పిలిచి ఒక ఉత్తరం చూపించాడు. చచ్చినవాళ్ళ గురించి చెబుతుంటే మీ మనిషి పళ్ళు ఇకిలిస్తున్నాడు, అని రాసి ఉంది.

"మన మనిషి కాదండీ."

"ఎవరి మనిషైతే నాకేం? ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, పదకొండు గంటల బృందం నీకుండదు."

దూన్యా తిన్నగా మునిసిపాలిటీ జవాను యోష్కో దగ్గరికి వెళ్ళింది.

"ఒక ముసలాయన లైసెన్సు లేకుండా గైడు పని చేస్తున్నాడు," అంది.

అది అబద్ధమని ఆమెకు తెలుసు. లైసెన్సు మాట ఎత్తితే తప్ప యోష్కో కుర్చీలోంచి లేవడని కూడా తెలుసు.

పదకొండు గంటలకు గోపురం కింద దూన్యా యుద్ధం సంగతి మొదలుపెట్టగానే యోష్కో వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఈ వయసులో దొంగ గైడు పనా? మోకాళ్ళు ఒప్పుకుంటున్నాయా? పద పద."

మోచెయ్యి పట్టుకునేసరికి ముసలాయన బిత్తరపోయాడు. దూన్యా వైపు చూశాడు.

"ఇంకా ఆ చోటు రాలేదు," అన్నాడు.

ఏ చోటని ఎవరూ అడగలేదు. సందు మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళాడు. అక్కడ టోపీ తల మీద పెట్టుకున్నాడు.

మళ్ళీ రాలేదు. ఫిర్యాదులూ రాలేదు.

అక్టోబరులో కొండగాలి మొదలైంది. ఒక ఉదయం చేపల బజారు పక్కన చావు కబుర్ల పలక మీద, నల్ల అంచు కాగితంలో దూన్యాకు ఆ మొహం కనిపించింది. అదే టోపీ. షిమె, ఎనభై ఒకటి. అంత్యక్రియలు ఆ రోజే.

వెళ్ళకుండా ఉండలేకపోయింది.

శ్మశానంలో ఏడుగురే ఉన్నారు. గేటు దగ్గర నల్లబట్టల్లో ఉన్న ముసలావిడ చెయ్యి పట్టుకుని, "నేను..." అంది దూన్యా.

"తెలుసమ్మా. గైడు పిల్లవు. నేను వాడి అక్కని. కాటె అంటారు. ముప్పై ఏళ్ళు దీవిలో ఆలివ్ తోట పట్టుకుని ఉండిపోయాడు. ఈ ఏడే నా దగ్గరికొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ నీ మాటే."

"నేను చెప్పేది వినడానికి వచ్చేవారా?"

"వినడమా? వాడికి ఒక్క ముక్క వినబడదు. ఆ మూడు రోజులూ అంత గంట నెత్తిన మోగుతుంటే చెవులుంటాయా తల్లీ?"

దూన్యా చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. కాటె వదల్లేదు.

"నువ్వు చెబుతుంటే జనమంతా తలెత్తి గంట వైపు చూస్తారటగా. దాంతో తెలిసేదట, తన సంగతే చెబుతున్నావని. ఇంటికొచ్చి, 'ఆ పిల్ల రోజూ నన్ను బతికిస్తోందే అక్కా' అనేవాడు."