ఆ మాటకు అర్థం

"ఈ లైనుకి అర్థం ఏంటి దీదీ?" అని హేమమాలిని మేడం హిందీలో అడిగింది.

కంప్యూటర్ గదిలో సుష్మ ఫోను ఆవిడ చేతిలో ఉంది. తెర మీద సుష్మ కూతురు భాను జంగ్లీఘాట్ రేవులో పడవల ముందు నిలబడి, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాట పాడుతోంది. "చుక్కల్లో ఎల్లిన పడవా, తెల్లారె ఒడ్డుకు రావా..."

ఐదో తరగతి పిల్లలు ఎవరింటి భాషలో వాళ్ళు ఒక పాటకి వీడియో చెయ్యాలి. తీయడం, అతకడం, అక్షరాలు వెయ్యడం అంతా పిల్లలే చెయ్యాలని రూలు. ఫోను ఇవ్వడానికి వచ్చానంతే అన్నట్టు నిలబడ్డ సుష్మ, అర్థం చెప్పింది. మేడం తల ఊపి, అదంతా కింద హిందీలో వేయించమంది.

"బాగుంది దీదీ. మా నాన్న కూడా ఇలాంటివే ఏవో పాడేవారు."

సుష్మకి ఒళ్ళు మండింది. తెలుగాయన లోకనాథం కూతురికి తెలుగు పాట అర్థం కాలేదట. నాటకం. తనని గుర్తుపట్టనట్టు కూడా నాటకమే.

పదిహేనేళ్ళ కిందట ఇద్దరిదీ ఒకే తొమ్మిదో తరగతి. మిడిల్ పాయింట్ నుంచి వచ్చే హేమమాలిని డబ్బాలో పరాఠాలు తెచ్చుకునేది, హిందీ తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. ఆ ఏడు సముద్రం అవతల దేశం నుంచి ఈ దీవికి కొత్తగా ఓ టీచరమ్మ వచ్చింది. మొదటి రోజు ఆవిడ గుమ్మం దగ్గరికి రాగానే సుష్మ లేచి నిలబడి, ఇంట్లో చుట్టాలని పిలిచినట్టే, "రండి మేడం" అంది.

హిందీలో ఆ 'రండి' ఆడదాన్ని తిట్టే బూతు.

చెంప పగిలింది. తెలుగులో అది మర్యాద మాటని సుష్మ ఏడుస్తూ చెప్పినా ఆవిడ నమ్మలేదు. క్లాసులో ఉన్న రెండో తెలుగమ్మాయి హేమమాలిని. నిజమేనా అని ఆవిడ అడిగితే, హేమమాలిని తల దించుకుని "పతా నహీ మేడం" అంది.

తెలియదట.

వారం తిరక్కుండా టీసీ చేతిలో పెట్టారు. పడవ పనికి వెళ్ళే నాన్న బంగారురాజు సిగ్గుతో చితికిపోయి, ఇంకో బడి మాట ఎత్తలేదు. సుష్మ చదువు అక్కడితో సరి.

ఆ మధ్యాహ్నం బతు బస్తీలోని ఇంట్లో సుష్మ వీడియో ముందేసుకుని కూర్చుంది. చీరల దుకాణానికి రీల్స్ చేసిపెట్టే చెయ్యి అది. పాట ట్రాకుని అలల చప్పుడు మీదకి లాగింది, పడవ కదిలే చోట ముక్క కత్తిరించింది. చివర నల్లటి తెర పెట్టింది. దాని మీద పాట సాహిత్యం రాసుకున్నట్టే, హిందీ అక్షరాల్లో తెలుగు టైపు చేసింది. భానుకి తెలుగు చదవడం రాదు కాబట్టి, హిందీ అక్షరాలెందుకని ఎవరికీ అనుమానం రాదు.

పై వరసలో: హేమమాలిని మేడం.

కింది వరసలో, ఎర్రగా, తెర నిండా: రండి.

చెరిపేసింది. మళ్ళీ కొట్టింది. అందరి ముందూ ఆ మాట ఆవిడ పేరు కింద పడాలి. అర్థం ఏమిటని పెద్దవాళ్ళు అడగాలి. పరువు దక్కాలంటే ఆవిడ తన నోటితోనే చెప్పాలి, తెలుగులో ఇది మర్యాద మాట అని. అప్పుడు సుష్మ లేచి నిలబడి, పదిహేనేళ్ళ నాడు ఆ నోరు ఏమైందని అడుగుతుంది.

"అమ్మా, ఇంత పెద్దగా ఎందుకూ?" అంది భాను భుజం మీంచి తొంగిచూసి.

"మీ మేడంని స్టేజి మీదకి పిలవొద్దా? ఇజ్జత్‌గా పిలవాల. ఎవురడిగినా తెలుగే అని చెప్పు. అంతా నేనే చేసాననాల. అమ్మ చేసిందన్నావంటే మార్కులు కట్."

భాను బుద్ధిగా తల ఊపింది. ఆ బూతు దానికింకా తెలీదు.

శనివారం వీడియోలు వేశారు. గదిలో పిల్లలు, తల్లులు, దేశం నుంచి వచ్చి రెండు నెలలైన ప్రిన్సిపాల్. బెంగాలీ, తమిళం, నికోబారీ, హిందీ పాటలయ్యాయి. తెలుగువాళ్ళు ఆ గదిలో సుష్మ, భాను, హేమమాలిని అంతే. భాను పాటకి చప్పట్లు కొట్టారు. తెర నల్లబడింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

చప్పట్లు తెగిపోయాయి. ఎవరో తల్లి కొడుకు కళ్ళు మూసింది. హేమమాలిని మొహంలో నెత్తురు లేదు. సుష్మ లేవడానికి కుర్చీ అంచుకి జరిగింది.

"ఇది ఎవరు రాశారు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"నేనే సార్," భాను నవ్వుతూ లేచింది. "అంతా నేనే చేశాను. తెలుగు సార్. మేడంని పిలిచాను."

"బూతు రాసి తెలుగంటావా? సోమవారం వచ్చి టీసీ తీసుకో."

భాను నవ్వు అలాగే ఆగిపోయింది. సుష్మ లేచి, రాసింది తనేనని, తెలుగులో అది మంచి మాటని గబగబా చెప్పింది. కూతురి కోసం తల్లి ఎన్నైనా చెబుతుందని ఆయన కూర్చోమన్నాడు. హేమమాలిని వైపు తిరిగాడు.

"మీ నాన్నగారు తెలుగువారే కదా మేడం. మీరు చెబితే నమ్ముతాను. ఈ మాటకి తెలుగులో వేరే అర్థం ఉందా?"

పదిహేనేళ్ళుగా సుష్మ ఎదురుచూసిన ప్రశ్న. అడగాలనుకున్న మాటలేవీ ఇప్పుడు అక్కర్లేదు. చెప్పు తల్లీ, ఒక్క మాట చెప్పు, అని మనసులోనే దండం పెట్టింది.

హేమమాలిని భానుని చూసింది. నీళ్ళు నిండిన కళ్ళతో తల దించుకుంది.

"నాకు మొదట్నుంచీ తెలుగు రాదు సార్. నాన్న నేర్పనే లేదు."