పెబ్బేరు ముక్కు

“సిస్టర్, ఈ ముసల్దాన్ని ఈడికెల్లి తీస్తవా, తియ్యవా? పేగులు నోట్లెకొస్తున్నయి!”

రాఘవేందర్ కండువాతో ముక్కు మూసుకుని అరిచాడు. జనరల్ వార్డంతా అతని వైపు తిరిగింది. పక్క మంచం మీది సత్యమ్మ మాత్రం కళ్లు మూసుకుంది.

అతను పెబ్బేరు సంతలో ఎడ్ల దళారి. తుంటి ఎముక విరిగిన తల్లి జోగులమ్మను మొన్ననే ఈ దవాఖానలో చేర్చాడు. తల్లి గొంతు తడపడానికి లేవడు గానీ, తనకు మాత్రం సీసాల మీద సీసాలు నీళ్లు కావాలి. ఎంత తాగినా దాహమే.

సత్యమ్మది రాజోలి. పక్షవాతంతో మంచాన పడింది. ఒకే వైపు పడుకుని పడుకుని నడుము కింద పుండు పడింది. ఇక్కడికి వచ్చాక నర్సు సరోజ వేళకు పక్క మార్చి, రోజూ పుండు కడిగి కట్టు కట్టి, దాన్ని ఒక దారికి తెచ్చింది. కడుపునిండా తింటేనే పుండు పూడుతుందని డాక్టర్ చెప్పాడు. కూతురు రోజా బతిమాలి ఒక్కో ముద్దా తినిపిస్తోంది.

వాసన అబద్ధమేమీ కాదు. అచ్చంగా కుళ్లిన మాంసం వాసన. ఈగలు కూడా చేరాయి. సరోజ మళ్లీ సత్యమ్మ కట్టు విప్పి చూసింది. చీము లేదు. ఎర్రగా కొత్త కండ పడుతోంది. కట్టుగుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. మందు వాసన తప్ప మరేమీ లేదు.

“పుండు మంచిగనే ఉందన్నా. ఈ వాసన అమ్మది గాదు.”

“నాకు చెప్తవా? సంతల ఏ ఎద్దుకు గిట్ట కుళ్లిందో అంత దూరంకెల్లే వాసన వట్టి చెప్త. నా ముక్కు తప్పు జెప్పదు!”

“అయితే ముందుగాల ఆ బూట్లు బయట ఇడిసి రాండ్రి. వార్డుల బూట్లు వద్దని మొన్నటిసంది చెప్తున్న.”

“ఈ నేల మీద కాలు వెట్టుమంటవా? థూ! పండుకునేటప్పుడు గూడ ఇప్పలే నేను.”

ఆ థూ ఉత్త మాట కాదు, కిటికీలోంచి నిజంగానే ఉమ్మాడు. ఇలాంటి మనిషిని చూస్తేనే ఒళ్లంతా రోత పుడుతుంది. సరోజ మందుల బండి తోసుకుపోతుంటే దారికడ్డంగా చాపిన కాలైనా తీయలేదు. చక్రం ఆ బూటు మీద ఎక్కి దిగింది. తిట్ల ధ్యాసలో ఉన్న పెద్దమనిషి కిందికి కూడా చూడలేదు.

మధ్యాహ్నం సత్యమ్మ నోరు తెరవలేదు.

“ఒక్క బుక్క తినవే అమ్మా.”

“వద్దు బిడ్డా. తింటే దొడ్డికొస్తది. మల్ల నా కంపుకు అందరు పరేషాన్ అయితరు. నన్ను బయటెయ్యి.”

నీళ్లు కూడా మానేసింది. సాయంత్రానికి నాలుక పిడచకట్టింది. సరోజ బతిమాలింది, కోప్పడింది, భయపెట్టింది. వరండాలోకి మారిస్తేనే తాగుతానంది సత్యమ్మ. చేసేది లేక మంచాన్ని బయటికి తోశారు. రోజా ఏడుస్తూ వెంట నడిచింది. అక్కడ కూడా ముసలామె పెదవులు తడుపుకుంది, అంతే.

“ఇగ పానం నిమ్మళమైంది” అంటూ రాఘవేందర్ ఆ ఖాళీ జాగాలోకి కుర్చీ లాక్కుని కాళ్లు బారజాపాడు. అతని తల్లి సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

తెల్లారి సరోజ డ్యూటీకి వచ్చేసరికి వరండాలో ఒక్క ఈగ లేదు. గాలి శుభ్రంగా ఉంది. సత్యమ్మ మాత్రం నీరసంతో కళ్లు తెరవలేకపోతోంది. ఆమెకు గబగబా సెలైన్ పెట్టి సరోజ వార్డు తలుపు తీసింది. కంపు గుప్పుమంది.

“ముసల్ది పోయినా కంపు పోలే!” రాఘవేందర్ కండువా ముక్కుకు అదిమిపట్టుకుని రంకెలేశాడు. “ఇంకెవల్దో ఉంది. జర జూడు సిస్టర్, వాళ్లను గూడ బయటెయ్యి!”

సరోజ ఒక్కో మంచం దగ్గరా వంగి చూస్తూ వచ్చింది. ఈగలు ముసిరిన చోట ఆగింది. చేతులకు గ్లౌజులు తొడుక్కుని నేల మీద కూర్చుంది.

“జర ఆ కాలు ఇటు వెట్టుండ్రి అన్నా.”

ఎడమ బూటు లాగేసరికి మేజోడుతో పాటు నల్లబడిన బొటనవేలి తోలు ఊడి ఆమె చేతిలోకి వచ్చింది, నొప్పన్నదే తెలియని రాఘవేందర్ మాత్రం ఇంకా ముక్కు మూసుకునే, “ఏంది సిస్టర్, ఎవల్దో దొరికిందా?” అని అడిగాడు.